బోర్లించిన డబ్బాలు

గంజులో పడాల్సిన నీళ్లు బాలలక్ష్మి చీర మీద పడ్డాయి. నల్లాకు తగిలించిన రబ్బరు ట్యూబు నడిమధ్యలోంచి సన్నటి ధారలు పక్కకు చిమ్ముతున్నాయి.

"జర అవతలికి నిలబడక్కా, తడుస్తవ్," అంది గౌహర్. "పాత ట్యూబు. బెజ్జాలు పడ్డయ్."

బాలలక్ష్మి జరిగి నిలబడింది. ఎస్సై ఉద్యోగానికి దండం పెట్టి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాక ఆమెకు వచ్చినవన్నీ పెళ్లి సంబంధాల వాకబులే. పిల్లగాడు తాగుతడా, పిల్లకు ఎక్కడన్నా మాట ముచ్చట ఉన్నదా, ఇంతే. ఈ కేసు అట్లాంటిది కాదు. ఇందులో చచ్చిపోయిన పిల్లను చిన్నప్పుడు ఆమె చంకనెత్తుకుని జమ్మికుంట వీధులన్నీ తిప్పింది. అప్పట్లో గౌహర్ వాళ్లది పక్కిల్లు. యుమ్నా ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. ఇప్పుడు ఆ యుమ్నా లేదు. మానేరు డ్యాం నీళ్లలో తేలింది. రేపు చాలీస్వా, అంటే నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన. వాకిట్లో గంజులన్నీ దానికోసమే కడుగుతున్నారు.

"ఆఖరి రోజు పొద్దున ఏం జరిగిందో ఇంకోసారి చెప్పు గౌహర్. ఒక్కటి కూడా విడిచిపెట్టకు."

"ఎన్నిసార్లు చెప్పాలక్కా. నమాజు చదువుకున్నది. నీళ్లు పడుత అని ఈడికొచ్చింది. నేను చాయ్ తీసుకొని వచ్చేటప్పటికి గీ ట్యూబు చేతుల పట్టుకొని కూసుండి ఏడుస్తుంది. గంజు నిండి నీళ్లు వాకిలంత పారుతున్నయ్, దానికి సోయి లేదు. ఏమాయె బిడ్డా అంటే ఏం లేదు అమ్మీ అన్నది. చాయ్ తాగలే. స్కూటీ తీసుకొని ల్యాబుకు పోయింది. గంతే. మళ్ల నేను దాన్ని చూసింది దవాఖాన్ల."

గౌహర్ కొంగుతో మొహం తుడుచుకోలేదు. ఏడ్చి ఏడ్చి ఆమెకు ఆ అలవాటు కూడా పోయింది. భర్త మక్బూల్ పోయాక మిషన్ మీద జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకిన మనిషి. పెద్దది యుమ్నా, సముద్రం అడుగు మట్టిని పరీక్షించే చదువు చదివి, ఓడ ఎక్కి వచ్చింది. చిన్నవాడు ఫయాజ్, వ్యాన్ నడుపుతాడు.

"ఇది పొయ్యి ట్యూబు లెక్కున్నది?" అంది బాలలక్ష్మి, మాట మార్చడానికి.

"పొయ్యిదే. ఎలుక కొరికింది. ఇల్లంత గ్యాస్ వాసన. ఫయాజ్ టేపు చుట్టిండు, ఆనంక కొత్తది ఏసిండు. పారేయబుద్ధి గాక నేనే నల్లాకు పెట్టిన." గౌహర్ నల్లా కట్టేసి ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, నా బిడ్డ ఎట్లా తిరిగి రాదు. ఎవల్నో జైల్ల పెట్టమని నిన్ను అడుగుత లేను. అది దొంగ కాదని ఒక్క మాట తీసుకరా. రేపు ఫాతెహాకు మా తోడికోడలే రానన్నది. దొంగతనం చేసి సచ్చిన పిల్లకు దువా ఎందుకు అన్నదట. గా పేరు మోసుకొని అది పోవద్దక్కా."

ఉల్లిగడ్డల సంచి భుజాన వేసుకుని ఫయాజ్ లోపలికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. బాలలక్ష్మిని చూసి సంచి దించకుండానే ఆగిపోయాడు.

"పెద్దమ్మా, చాలు ఇంక. అమ్మీని ఎందుకు పరేషాన్ చేస్తవ్? పోయినోళ్లు పోయిండ్రు."

"పోయినోళ్ల గురించి అడిగేది ఉన్నోళ్లనే గదరా," అంది బాలలక్ష్మి. వాడు తల దించుకుని లోపలికి పోయాడు. పాపం అనుకుంది ఆమె. అక్క పోయిన తమ్ముడు కదా అనుకుంది. ముప్పయ్యేళ్లు పోలీసుగా చేసిన మనిషి అనుకోవాల్సింది అది కాదు.

*

సముద్రానికీ కరీంనగర్‌కూ ఏ చుట్టరికమూ లేదు. కానీ బంగాళాఖాతం అడుగు మట్టి పెద్దపల్లి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో, గడ్డకట్టే చలిలో, వరస తప్పకుండా పేర్చి ఉంది. ఒకప్పుడు బొగ్గు గనుల గ్యాసు పరీక్షించిన ల్యాబు అది, యుమ్నా పనిచేసింది అక్కడే. యజమాని డాక్టర్ కొండల్‌రావుకు చమురు కంపెనీ కాంట్రాక్టు దొరికాక సముద్రం కూడా ఇటే వచ్చింది.

చలిగది తలుపు దగ్గరే ఇన్‌స్పెక్టర్ సదానందం ఎదురయ్యాడు. ఒకప్పుడు బాలలక్ష్మి కింద కానిస్టేబుల్‌గా చేరినవాడు. పరీక్షలు రాసి పైకి పోయాడు. ఆమె ఉద్యోగం వదిలేసిన రోజు స్టేషన్లో స్వీట్లు పంచింది అతనే అని గిట్టనివాళ్లు అంటారు.

"రాండ్రి మేడం. మళ్ల వచ్చిండ్రా? సాయంత్రం ఫైల్ మూసేస్తున్న. మీకు ఏమన్నా ఏడ్వాలని ఉంటే గిప్పుడే ఏడ్వుండ్రి."

"నా ఏడుపు నేను ఇంటికాడ ఏడుస్త సదానందం. నీ ఫైల్ల ఏం రాసినవో అది చెప్పు."

"ఉన్నదే రాసిన. డబ్బాలల్ల దొంగ గ్యాసు ఎక్కించింది. కంపెనీకి దొరికిపోయింది. ఇజ్జత్ పోయిందని డ్యాంల దూకింది. ఊపిరితిత్తులల్ల నీళ్లున్నయ్."

"తల వెనుక దెబ్బ?"

"కట్ట కింద బండలుంటయ్ మేడం. బండలు పరుపుల్లెక్క మెత్తగుంటయా?"

ఇంకో మాట అంటే బాలలక్ష్మి నోరు జారుతుంది. పక్కనే ఉన్న కొండల్‌రావు వైపు తిరిగింది. తెల్లకోటు, సన్నఫ్రేము కళ్లద్దాలు, మాటకు ముందు నిట్టూర్పు.

"సార్, నాకు చదువు తక్కువ. ఈ డబ్బాల ముచ్చట అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి."

చెప్పడం ఆయనకు ఇష్టం. ఓడ మీది నుంచి బరువైన ఇనుప గొట్టాన్ని సముద్రంలోకి వదులుతారు. అది అడుగు మట్టిలో దిగి, మట్టిని మింగి పైకి వస్తుంది. లోతున ఎక్కడో చమురో గ్యాసో ఉంటే పగుళ్ల గుండా కొద్దికొద్దిగా పైకి ఊరి ఆ మట్టిలో చిక్కుకుంటుంది. ఆ మట్టిని ముక్క కోసి రేకు డబ్బాలో వేస్తారు. కొంచెం నీళ్లు, క్రిములను చంపే మందు కలిపి, పైన కొంత ఖాళీ విడిచి మూత బిగిస్తారు. మట్టిలో ఉన్న గ్యాసు ఆ ఖాళీలోకి వస్తుంది. మూత నడుమ ఉన్న రబ్బరు బిళ్లలోంచి సూది దించి ఆ గ్యాసు తీసి యంత్రానికి ఇస్తే, ఏ గ్యాసు ఎంత ఉందో అది చెబుతుంది. దాన్ని బట్టే కోట్లు పెట్టి బావి తవ్వాలా వద్దా అని కంపెనీ చూసుకుంటుంది.

"అన్ని డబ్బాలూ బోర్లేసి ఉన్నయేంది?" అంది బాలలక్ష్మి, అరల వైపు చూపిస్తూ. ప్రతి డబ్బా మూత కిందికి, అడుగు పైకి. పేరు రాసిన కాగితాలు కూడా తలకిందులుగానే అంటించి ఉన్నాయి, బోర్లేసినప్పుడు చదువుకునేలా. యుమ్నావి గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలకు పలకా బలపం కొనిచ్చింది తనే. 

"అదే అసలు కిటుకు. రేకు ఎంత బిగించినా మూత దగ్గర లీకైతది. బోర్లేస్తే నీళ్లు మూత మీదికి వస్తయ్. అట్లనే గడ్డకడితే ఆ మంచే బిరడా లెక్క పనిచేస్తది. గ్యాసు పైకి పోయి డబ్బా అడుగు వైపు భద్రంగ ఉంటది. యుమ్నాకు ఇది ప్రాణం. ఓడల పనోళ్లు ఒక్క డబ్బా నిలువుగ పెట్టినా కొట్లాడేదట." నిట్టూర్చాడు. "గట్లాంటి పిల్ల ఇట్ల చేస్తదని నేను కలల గూడ అనుకోలే."

"దొంగ గ్యాసు ఏడికెళ్లి తెచ్చిందంటరు?"

"ఈడిదే. యంత్రాన్ని సరిచూసుకునేటందుకు మా కాడ స్వచ్ఛమైన గ్యాసుల సిలిండర్లుంటయ్. ఆ గది తాళం ఆమె కాడనే ఉండేది."

"ఆమె చనిపోయిన రోజు మీరెక్కడున్నరు సార్?"

"హైదరాబాద్‌ల. ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పిన గదా."

"చెప్పిండు," అన్నాడు సదానందం. "మేడం, ఇంక పోదామా?"

"ఒక్క డబ్బా కోసి చూపిస్తే పోత."

కొండల్‌రావు చెయ్యి అడ్డం పెట్టాడు. "అవి కంపెనీ సొత్తు. ఒక్కో జాగ నుంచి రెండేసి డబ్బాలు తెస్తం. ఒకటి పరీక్షకు, ఒకటి దాచిపెట్టేటందుకు. ఇవి దాపు డబ్బాలు. ముట్టొద్దు."

"ప్రైవేటు డిటెక్టివ్‌కు ఏం హక్కుంది మేడం?" సదానందం నవ్వాడు. "మీరు యూనిఫాం ఇడిసి శానా రోజులాయె."

"నాకు లేదు. నీకున్నది. దొంగ గ్యాసు అని ఫైల్ల రాసుకున్నవ్. ఆ దొంగ సొమ్మును ఒక్కసారన్నా కండ్లతోని చూసినవా? రేపు పైనోడు అడిగితే ఏమంటవ్, కంపెనీ సొత్తు సార్, భయపడి ముట్టలే అంటవా?" ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు కానిస్టేబుల్‌గ ఉన్నప్పుడు గూడ ఇంతే. బీరువా తాళం ఎవరన్నా తీస్తే తప్ప చెయ్యి పెట్టకపోయేది."

సదానందం మొహం ఎర్రబడింది. సరిగ్గా అక్కడే పొడవాలని ఆమెకు తెలుసు.

"తెరువుండ్రి సార్," అన్నాడు కొండల్‌రావుతో. "ఈమె ఫికర్ తీరిపోతది. నేను రాసిస్త."

రెండు డబ్బాలు తీయించింది బాలలక్ష్మి. ఒకటి కంపెనీ తప్పు పట్టని జాగ నుంచి తెచ్చింది. రెండోది దొంగ గ్యాసు బయటపడిన జాగది. రెండూ అరలో బోర్లానే ఉన్నాయి. పైనుంచి చూస్తే కవలల్లా ఉన్నాయి. సదానందం స్వయంగా ఇనుము కోసే ఆక్సా బ్లేడు పట్టుకుని నిలువునా కోశాడు.

మొదటి డబ్బా రెండు ముక్కలైంది. మూత వైపు నిండా మంచు, బూడిద రంగు మట్టి. అడుగు వైపు ఖాళీ. ఎలా చెప్పారో అలాగే ఉంది.

రెండో డబ్బాలో బ్లేడు దిగగానే చిన్నగా బుస్సుమంది. సదానందం ముక్కు ముడిచాడు. "అబ్బ, ఏందిది? ఇంట్ల గ్యాసు లీకైనట్టు!"

డబ్బా విడిపోయింది. ఇందులో మంచు అడుగు వైపు ఉంది. ఖాళీ మూత కింద ఉంది.

"బోర్లేసి పెట్టమంటే..." కొండల్‌రావు నోటి నుంచి వచ్చింది. అంతలోనే నాలుక కరుచుకున్నాడు.

"ఎవరికి చెప్పిండ్రు సార్?" అంది బాలలక్ష్మి నెమ్మదిగా.

"ఎవరికేంది, అందరికీ... ల్యాబుల అందరికీ చెప్త."

"ల్యాబుల ఉన్నది మీరూ యుమ్నానే గదా. ఆమెకు మీరు చెప్పేదేముంది?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. చలిగదిలో కళ్లద్దాలకు ఆవిరి పట్టడం సహజమే.  దాన్ని తప్పు పట్టలేం.

బాలలక్ష్మి సదానందాన్ని పక్కకు తీసుకుపోయింది. "చూసినవా? నీళ్లు ఎట్లుంటే అట్లనే గడ్డకడ్తయ్. తర్వాత నువ్వు డబ్బాను ఎట్ల తిప్పినా లోపలి మంచు తిరగదు. ఈ డబ్బాను ఎవరో కరగబెట్టిండ్రు, మూతల నుంచి సూది దించిండ్రు, నిలబెట్టి మళ్ల గడ్డకట్టిచ్చిండ్రు. ఆనంక ఎవలూ గుర్తుపట్టకుండ బోర్లేసిండ్రు. ఓడల నిలువుగ పెడితే కొట్లాడిన పిల్ల ఈ పని చేస్తదా?"

"హడావుడిల చేసిందేమో."

"మరి వాసన? సముద్రం గ్యాసుకు ఈ వాసన ఉండదు. ల్యాబు సిలిండర్ గ్యాసుకూ ఉండదు, స్వచ్ఛమైనది గదా. లీకైతే మనకు తెలవాలని వంటగ్యాసుకే ఆ వాసన కలుపుతరు. సూదితోని తీసి యంత్రానికి ఇచ్చుడే గని ఎవలూ డబ్బా కోసి వాసన చూడలే. తాళం చేతిల ఉన్న పిల్ల మంచి గ్యాసు ఇడిసిపెట్టి వంటింటి గ్యాసు ఎందుకు తెచ్చుకుంటది?"

సదానందం మళ్లీ రెండో డబ్బా దగ్గరికి పోయి వాసన చూసి వచ్చాడు. గర్వం మింగడానికి అతనికి ఎప్పుడూ టైం పడుతుంది.

"సరే మేడం. ఆ పిల్ల చేయలే అనుకో. చేసింది ఎవలు? నాకు పేరు కావాలె. ఫైలు సాయంత్రం దాక ఆపుత. పేరు తీసుకరాండ్రి."

ఆమెకు ఊపిరి తేలికైంది. యుమ్నా దొంగ కాదు. గౌహర్ అడిగిన ఒక్క మాట దొరికింది. వెళ్తూ వెళ్తూ, అలవాటు కొద్దీ, కొండల్‌రావును అడిగింది. "ఓడ నుంచి ఈ గదిలకు వచ్చేదాక డబ్బాలు ఎవరి చేతుల మీద వస్తయ్ సార్?"

"కాకినాడ రేవుల దింపుతరు. అక్కడి నుంచి చలిపెట్టె వ్యాన్ల వస్తయ్. యుమ్నా తమ్ముడే నడుపుతడు. ఆమెనే బతిమిలాడి పనిప్పించింది."

తెలియని సంగతి కాదు. తెలిసిన సంగతి కాబట్టే ఇన్నాళ్లూ దాని వైపు చూడలేదు. బండి స్టార్ట్ చేయబోయి, తాళం చెవి తిప్పకుండా అలాగే కూర్చుండిపోయింది బాలలక్ష్మి. చీర అంచు ఇంకా తడిగానే ఉంది. పొయ్యి ట్యూబు నడిమధ్యలోంచి చిమ్మిన సన్నటి ధారలు గుర్తొచ్చాయి. ట్యూబు చేతిలో పట్టుకుని ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేకపోతేనే బాగుండు అని జీవితంలో మొదటిసారి ఆమెకు అనిపించింది. ఈ బండిని గౌహర్ ఇంటి వైపు కాక ఇంకెటైనా తిప్పుకుపోవాలనిపించింది. కానీ గౌహర్ ఇల్లే దారి.

*

గౌహర్ లోపల బియ్యం ఏరుతోంది. ఫయాజ్ వాకిట్లో అద్దె కుర్చీలు దించుతున్నాడు. బాలలక్ష్మి ఏమీ మాట్లాడకుండా నల్లా తిప్పింది. ట్యూబుకు అంటుకుని ఉన్న కరెంటు టేపు ముక్కను గోటితో పూర్తిగా లాగేసింది. ధారలు ఇంకా పెరిగాయి. అన్నీ ఒకే వరసలో, దగ్గర దగ్గరగా, గుండ్రటి బెజ్జాల్లోంచి.

"ఇటు రా ఫయాజ్. చూడు."

వాడు వచ్చి నిలబడ్డాడు.

"ఎలుకకు పండ్లుంటయ్ బిడ్డా. సూదులుండవు."

వాడి చేతిలోని కుర్చీ కింద పడింది. పరుగెత్తుతాడేమో అనుకుంది ఆమె. పరుగెత్తలేదు. పారే నీళ్లలోనే గొంతుక్కూర్చున్నాడు. ఆనాడు వాళ్ల అక్క కూర్చున్న చోటే.

"కొండల్ సారు చెప్పిండు పెద్దమ్మా," అన్నాడు. నలభై రోజులుగా ఆ మాట వాడి నోట్లోనే ఉన్నట్టుంది, అడగ్గానే వచ్చేసింది. "మట్టిల గ్యాసు ఉన్నట్టు చూపిస్తే కంపెనీ ఇంకా పెద్ద పని ఇస్తదని. నాకు సొంత వ్యాన్ ఇప్పిస్త అన్నడు. ఒక సంచిల గ్యాసు నింపి ఇచ్చిండు. తొవ్వల ఆ సంచి పలిగింది. సారుకు చెప్పేటందుకు భయమైంది. వంటగ్యాసు గూడ గదే గ్యాసు అని ఎవలో అంటే, మన ట్యూబుల నుంచే సిరంజితోని గుంజిన. అమ్మీ పండుకున్నంక."

"బోర్లేసి గడ్డకట్టియ్యమని ఆయన చెప్పిండు గదా?"

"చెప్పిండు. బోర్లేస్తే సూది బెజ్జంల నుంచి నీళ్లు కారినయ్. మొత్తం కారిపోతదని నిలబెట్టిన. గట్టిగైనంక బోర్లేసిన. గంత దానికి తేడా ఏముంటది అనుకున్న."

అంత దానికే తేడా ఉంది. ఆ తేడాలోనే ఒక పిల్ల నిర్దోషి అయింది.

"యుమ్నాకు ఎప్పుడు తెలిసింది?"

"యంత్రం లెక్కల తేడా ముందు పట్టుకున్నది యుమ్నా ఆపానే. ఈ గ్యాసుల కలయిక సముద్రంల ఉండదు అని సారుకు తనే చెప్పింది. కంపెనీకి గూడ తెలవంగనే సారు తప్పంత ఆమె మీదికి తిప్పిండు. ఆఖరి రోజు పొద్దున ఈడ నీళ్లు పట్టుకుంట బెజ్జాలు చూసింది. అమ్మీ చాయ్ తేకముందే నన్ను అడిగింది. ఒప్పుకున్న." వాడు పారుతున్న నీళ్లను చేత్తో ఆపబోయాడు. "కొట్టలే పెద్దమ్మా. తిట్టలే. నీ పేరు రానియ్య, సారుతోని నేను మాట్లాడుత, ఆయనే ఒప్పుకోవాలె అన్నది. నేను... ఆపాకు తెలిసింది సార్ అని ఆయనకు ఫోన్ చేసిన. జాగ్రత్తపడుతడని చేసిన. సాయంత్రం డ్యాం కాడికి రమ్మని ఆపాకు ఆయన ఫోన్ చేసిండు."

"ఆ రోజు హైదరాబాద్‌ల ఉన్న అంటుండు."

"లేడు. ఈడనే ఉండె."

"ఇన్ని రోజులు నోరు ఎందుకు మూసుకున్నవ్‌రా?"

"నోరు తెరిస్తే మీ అమ్మీకి నువ్వు గూడ మిగలవ్ అన్నడు."

బాలలక్ష్మికి వాణ్ని చెంప పగలగొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. ఆమె మనసులో ఉన్న కోపం మొత్తం కలిపినా ఆ దుఃఖంలో సగం లేదు. తల ఎత్తి చూసేసరికి గడపలో గౌహర్ నిలబడి ఉంది. చేటలోని బియ్యం ఎప్పుడు ఒలికిపోయాయో, ఆమె కాళ్ల మీద పడి ఉన్నాయి.

 గౌహరే దిగి వచ్చింది. నల్లా కట్టేసింది. రెండు చేతులతో ట్యూబును మెలిపెట్టి లాగింది. అది ఊడి వచ్చింది. కొంగుతో దాన్ని తడి లేకుండా తుడిచింది, బెజ్జాలున్న చోట ఇంకా మెల్లగా తుడిచింది. బాలలక్ష్మి చేతిలో పెట్టింది.

"ఇది నీకు కావాలె గదక్కా."

"గౌహర్..."

"నా బిడ్డ దొంగ కాదు గదా?"

"కాదు గౌహర్. వీణ్ని కాపాడాలని పోయింది."

"అయితే రేపు ఫాతెహాకు మా తోడికోడల్ని నేనే పోయి పిలుస్త." అప్పుడు ఏడ్చింది గౌహర్. మొహం కప్పుకోకుండా, కొడుకును చూస్తూ ఏడ్చింది. "దొంగ ఎవలని అడిగితే గూడ నేనే చెప్త."

ఫయాజ్ జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి వాడు మంచులా బిగుసుకుపోయాడు. తెర మీద కొండల్‌రావు పేరు.

బాలలక్ష్మి తన ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి దగ్గరగా పట్టుకుంది. స్పీకర్ పెట్టమని సైగ చేసింది.

"ఫయాజ్, ఏడున్నవ్?" అదే మెత్తటి గొంతు. మాటకు ముందు అదే నిట్టూర్పు. "ఆ బాలలక్ష్మి మీ ఇంటికి వచ్చిందా?"

ఫయాజ్ పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"రాలే సార్."

"మంచిది. వ్యాన్ వద్దు, బండి మీద రా. ఒక్కనివే రా. అమ్మీకి చెప్పకు. పొద్దు గూకక ముందు డ్యాం కట్ట మీదికి రా. మీ అక్కతోని మాట్లాడిన జాగల్నే ఉంట. నీకు వ్యాన్ ఇప్పిస్త అన్న గదా, గది మాట్లాడుకుందాం."

 హైదరాబాద్‌లో ఉన్న మనిషి డ్యాం కట్ట మీద యుమ్నాతో ఎలా మాట్లాడాడో ఇక సదానందమే రాసుకుంటాడు. కానీ రికార్డు ఒక్కటీ చాలదు. సదానందం పొంచి ఉండగా మనిషి ఆ కట్ట మీదే దొరకాలి. అక్కడికి పోవాల్సింది ఈ పిల్లవాడే. ఇంకొక బిడ్డను అదే నీళ్ల ఒడ్డుకు పంపించమని ఆ తల్లిని ఏ మొహంతో అడగాలి? ఆమె అడగలేకపోయింది. ఫోన్‌లో కొండల్‌రావు "హలో, హలో" అంటున్నాడు.

గౌహర్ కొడుకు ముందు కూర్చుంది. తన కొంగుతోనే వాడి మొహం తుడిచింది, చిన్నప్పుడు బడికి పంపే ముందు తుడిచినట్టు. చెవి దగ్గర నోరు పెట్టి, ఫోన్‌లో వినపడకుండా చెప్పింది.

"వస్తున్న అని చెప్పు బేటా."